దింపుడు కళ్లం దగ్గర పలికిన పెద్దసారు

ఆ రోజుల్లో మా బొగ్గుబాయిల ఊళ్లో చలికాలపు మంచు, మా పార్ట్‌టైం లెక్చరర్ల బతుకు ఒక్క తీరుగా ఉండేవి. పొద్దెక్కేదాకా ఎదురుగా ఏముందో తెలిసేది కాదు. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ని. దయ్యాలు లేవనీ, మంచు అంటే గాలిలో తేలే నీటి తుంపరలేననీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ నిరూపించేవాణ్ని. (సాయంత్రాలు కాలేజీ వెనక రేగుచెట్ల బాటన మాత్రం ఒంటరిగా వెళ్లేవాణ్ని కాదు. అక్కడ ముళ్లుంటాయి కదా, అందుకని.) ఇప్పుడు తలచుకుంటే ఆ నిరూపణలు పిల్లల కోసం చేశానో నా కోసం చేసుకున్నానో చెప్పలేను.

మాలో ఒకామెను అందరం ఎకనామిక్స్ అక్క అనేవాళ్లం. ఆమె కాన్పుకు వెళ్లి, చంకబిడ్డతో తిరిగొచ్చేసరికి ఆమె క్లాసులు ఇంకొకరికి ఇచ్చేసి ఉన్నాయి. ఆమె పెనిమిటి శ్రీరాంపూర్ దిక్కు బొగ్గుబాయిలో దెబ్బ తగిలి మంచానికే పరిమితమయ్యాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆమె పాఠం చెప్పాల్సిందే. కాలేజీని తన సొంత జాగాలో కట్టించి, కరస్పాండెంటుగా ఉన్న ముసలాయనను ఊరంతా పెద్దసారు అనేది. భూములున్న ఇంటి మనిషి, తెల్ల ధోతి, తెల్ల జుబ్బా, దగ్గరికొస్తే జర్దా వాసన. చెడ్డవాడని ఎవరూ అనరు గానీ మొండితనంలో ఆయన తర్వాతే ఎవరైనా. అక్క కోసం మేం వెళ్లి అడిగితే ఒక్కటే మాట అన్నాడు: "పోయినోళ్లు పోయినట్టే. నా కాలేజీల వాపస్ అచ్చుడు లేదు."

మా లెక్చరర్ల సంఘం ధర్నా చేసింది, గేటు ముందు టెంటు వేసింది, కరపత్రాలు పంచింది. పెద్దసారు ఆ కరపత్రం తెప్పించుకుని చదివి, మా తెలుగు బాగుందని మెచ్చుకుని పంపించాడు. దాంతో మా సంఘం అధ్యక్షుడికి ఒళ్లు మండిపోయింది. ఆయన హిస్టరీ సారు. నినాదమిస్తే స్టాఫ్‌రూం కిటికీలు అదిరేవి. "ఉత్త దిష్టిబొమ్మ కాలవెడ్తె ఎవడు జూస్తడు? పాడె గట్టాలె, డప్పు గొట్టియ్యాలె, కొరివి వట్టాలె. తీస్తె పద్ధతి ప్రకారం తియ్యాలె శవయాత్ర!" అన్నాడు. అక్కడే వచ్చింది తంటా. వేరే సంఘాలవాళ్లయితే నాలుగు కట్టెలు, గుప్పెడు గడ్డితో కానిచ్చేవాళ్లు. మేం లెక్చరర్లం. ఏది మొదలుపెట్టినా సిలబస్ మొత్తం పూర్తి చేయకపోతే మాకు నిద్ర పట్టదు.

స్టాఫ్‌రూంలోనే బొమ్మను తయారుచేశాం. ఒంటికి వరిగడ్డి, తలకు కుండ. కుండ మీద హిస్టరీ సారు బొగ్గుతో ముఖం గీశాడు. (పానిపట్టు యుద్ధం మ్యాపు గీస్తే ఏది నదో ఏది కోటో తెలిసేది కాదు, ఆ పూట మాత్రం ఆయన చేతిలో ఏం దూరిందో గానీ అచ్చం పెద్దసారే దిగాడు.) బట్టలు కాలేజీ నాటకాల పెట్టెలో దొరికాయి. దొర వేషానికి పనికొస్తాయని ఒకప్పుడు పెద్దసారే ఇచ్చిన ధోతి, జుబ్బా. ఎన్నో ఏళ్లుగా పెట్టెలో మూలిగినా జర్దా వాసన పోలేదు. బొమ్మను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాక గదిలో మాటలు వాటంతట అవే తగ్గిపోయాయి. ఎటు కూర్చున్నా అది మననే చూస్తున్నట్టుండేది. నేను లేచి దాన్ని గోడవైపు తిప్పి క్లాసుకు వెళ్లాను. తిరిగొచ్చి తలుపు తీస్తే అది మళ్లీ తలుపువైపే చూస్తోంది. నా చేతిలోని సుద్దముక్క ఎప్పుడు కిందపడిందో నాకు తెలియదు. కాసేపటికి ఊడ్చే అవ్వ వచ్చి నన్నే కసిరింది. "పెద్దమనిషిని గోడ దిక్కు కూసుండవెడ్తరా సారూ? నేనే తిప్పిన" అంది. పోతూ పోతూ బొమ్మకు దండం కూడా పెట్టింది.

ఇక కొరివి పట్టేదెవరు? తండ్రి బతికున్నవాడు కొరివి పట్టకూడదని అందరికీ ఉన్నట్టుండి గుర్తొచ్చింది. లెక్క తీస్తే సంఘం మొత్తంలో బాపు లేనివాణ్ని నేనొక్కణ్నే తేలాను. "ఫికర్ జెయ్యకు తమ్మీ, నీకైతే ఎరుకున్న పనే గదా" అని హిస్టరీ సారు నా భుజం తట్టాడు. ఆయన ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు పాపం.

మొదటి షిఫ్టువాళ్లు రోడ్డెక్కక ముందే ముగించుకొమ్మని ఎస్సై చెప్పడంతో తెల్లవారుతుండగానే బయలుదేరాం. అంత మంచు అంతకుముందు నేనెన్నడూ చూడలేదు. పాడె మోసే నలుగురిలో ముందున్న ఇద్దరు వెనకవాళ్లకు కనిపించడం లేదు. డప్పు తాతను జర మెల్లగా, వేరే దరువేదైనా కొట్టమని బతిమిలాడాను. "సావు దరువు ఒక్కటే ఉంటది సారూ. ఉత్తుత్తి సావుకు వేరే దరువు లేదు" అన్నాడు తాత. ఆ చప్పుడు మంచులో దూరం పోక మా చుట్టే తిరుగుతోంది. నినాదాలివ్వాలని ఎవరికీ తోచలేదు. నేను కొరివికుండ పట్టుకుని ముందు నడుస్తున్నాను. వెనక అక్క, బిడ్డను భుజాన వేసుకుని శాలువా కప్పుకుని వస్తోంది. ఎక్కడిదో ఒక కుక్క మా వెంట కొంతదూరం వచ్చి, పాడె వంక చూసి, మొరగకుండా వెనక్కి తిరిగిపోయింది. కుక్కలకు మా ఫిజిక్స్ తెలియదని సమాధానపడ్డాను.

వాగు వంతెన దగ్గర డప్పు ఆగింది. "దింపుడు కళ్లం" అన్నాడు తాత. తెలియనివాళ్లకు చెబుతాను. శ్మశానం చేరేలోపు ఒకచోట పాడెను కిందికి దింపుతారు. కొడుకు వంగి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలనన్నా మిగిలుంటే పలుకుతుందని ఆఖరి ఆశ. ఇది వదిలేద్దామన్నాను. సిలబస్‌లో ఉన్నది వదలొద్దన్నాడు హిస్టరీ సారు.

వంగాను. కుండ మీద బొగ్గుతో గీసిన చెవి, గుప్పుమన్న జర్దా వాసన. నాకు ఆ బొమ్మ కనిపించలేదు. చిన్నప్పుడు మా బాపు పాడె దగ్గర ఎవరో నన్ను ఎత్తి వంచి "పిలువు బిడ్డా" అన్నారు. పిలిచాను. మూడోసారి పిలిచాక ఇంకోసారి పిలుస్తానని ఏడిస్తే, చాలని లాక్కుపోయారు. నాలుగోసారి పిలిస్తే పలికేవాడేమోనన్న మాట నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు. మొదటి పిలుపు నాకే వినబడలేదు. రెండోది వణికింది. మూడోసారి ఎక్కడలేని ఊపిరి తెచ్చుకుని అరిచాను.

"ఓ పెద్దసారూ!"

"ఏందిరా?" అంది మంచు.

ఆ తర్వాత ఏం జరిగిందో వరుసగా చెప్పడం కష్టం. డప్పు ఒక దిక్కు, చెప్పులు ఒక దిక్కు. విప్లవాల మీద ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడే మా హిస్టరీ సారు పక్క జొన్నచేనులో మాయమయ్యాడు. నేను పారిపోలేదు. ధైర్యం అనుకునేరు, కాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదంతే. అక్క కూడా కదల్లేదు. పరుగెత్తితే బిడ్డ లేస్తుందని ఆమె బాధ. మంచులోంచి ముందు చేతికర్ర చప్పుడు, తర్వాత జర్దా వాసన, ఆ తర్వాత తెల్ల ధోతి వచ్చాయి. డాక్టరు చెప్పాడని పొద్దున్నే నడకకు వచ్చిన పెద్దసారు, దుప్పటి కప్పుకుని, మా పాడె ముందు నిలబడ్డాడు.

కింద ఉన్నది చూశాడు. వంగి జుబ్బా కొసను వేళ్ల మధ్య నలిపాడు. "గిది నాదే" అన్నాడు. తిడతాడని తల వంచుకున్నాను. తిట్టలేదు. వంతెన గోడ మీద మెల్లగా కూర్చున్నాడు. అక్కణ్నుంచే అడిగాడు, ఎవరినో తెలియదు. "దింపుడు కళ్లంల పిలిస్తిరి. నేను పలికితి. పలికినోన్ని ఏం జేస్తరు?"

అక్కే చెప్పింది. "ఇంటికి తోల్కపోతరు సారూ. పాడె మీదికెల్లి లేచినోన్ని పోయినోడని ఎవలన్న ఇడిసి పెడ్తరా? పోయిండు, వాపస్ అచ్చిండు, మనోడే అంటరు." శాలువా కొంచెం పక్కకు తీసి బిడ్డ ముఖం చూపించింది. "ఆడిదానికి కాన్పు గూడ గంతే గద సారూ. నేనూ పోయి వాపస్ అచ్చిన."

పెద్దసారు ఆ బిడ్డను చూశాడు, పాడెను చూశాడు. దూరంగా బాయి సైరన్ మోగింది. ఆ చప్పుడుకు బిడ్డ లేచి, ముసలాయన ముఖం చూసి, ఏడవాలా వద్దా అని ఆలోచించి, ఏడవడం మానుకుంది. "సోమారం సంది క్లాసులకు రా" అన్నాడు ఆయన. అని లేచి, నా వైపు తిరిగి, "ఏమాయె? లేవట్టుండ్రి దాన్ని. లేచినోన్ని ఇంటికి తోల్కపోవాలె గదా" అన్నాడు.

తోలుకుపోయాం. జొన్నచేనులోంచి ఒక్కొక్కరే వచ్చి భుజం పట్టారు. ముందు పెద్దసారు కర్ర పట్టుకుని నడుస్తుంటే వెనక పాడె మీద పెద్దసారు. మొదటి షిఫ్టుకు ఎదురొచ్చిన ఒకాయన సైకిల్ దిగి, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సైకిల్ అక్కడే వదిలేసి వెనక్కి పరుగుతీశాడు. ఆ రోజుకు ఆయన బాయి దిగలేదట.

తర్వాత ఎన్నో ఏళ్లకు పెద్దసారు నిజంగానే పోయాడు. అప్పటికి అక్క పర్మనెంటు అయింది, నేనూ అయ్యాను. అదే వంతెన దగ్గర పాడె దించారు. ఆయన కొడుకు మూడుసార్లు పిలిచి, నా వైపు చూసి, "మీరు పిలువుండ్రి సారూ. మా బాపు మీ పిలుపుకే పలికిండంట గదా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను వంగి పిలిచాను. ఎంతసేపు అలా వంగి ఉన్నానో తెలియదు. ఈసారి నన్నెవరూ లాక్కుపోలేదు. నేనే లేచాను. చుట్టూ ఎండ కాస్తోంది, ఏ మూలా పిసరంత మంచు లేదు. నాలుగోసారి పిలిచినా పలకరని, బాపును కూడా కలుపుకుని, ఆ రోజే నాకు తెలిసింది.

ఇప్పుడు డాక్టరు నాకూ పొద్దున్నే నడవమన్నాడు. కర్ర పట్టుకుని ఆ దారినే నడుస్తాను. మంచులో వెనకనుంచి ఎవరైనా "సారూ" అంటే చటుక్కున పలకను. మా ఇంటామె ఇంట్లో పిలిచినా అంతే. "గీ ముసలాయినకు చెవుడొచ్చింది. మూడుసార్లు పిలిస్తెగాని పలుకడు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. నాకు చెవుడేం లేదు. మూడోసారి కూడా పిలుస్తుందా లేదా అని, ఊరికే, విందామని ఉంటుంది.