పడగానే అన్న మాట

పొద్దున్నే టీ పెట్టకముందే మస్తాన్‌బీ కుడి మణికట్టును వేణ్ణీళ్లలో ముంచుతుంది. నరసరావుపేటలో జాకెట్లు కుట్టి బతికే ఆమె, ఓ సూపర్‌మార్కెట్‌లో తడి నేల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. పరిహారం కోసం వినియోగదారుల కోర్టుకెక్కితే, షాపు వకీలు ఆమె పడ్డప్పటి కెమెరా వీడియోను మాటలతో సహా వేశాడు.

"ఏమ్మా, 'ఏం కాలేదు, నేనే చూసుకోలేదు' అన్నది నువ్వే కదా?"

కేసు పోయినట్టే అనుకుంది మస్తాన్‌బీ.

"అన్నాను సార్. నలుగురూ చూస్తుంటే ఇంకేందనేది? మీరు పడ్డా గుడ్డలు దులుపుకుని అదే అంటారు. నొప్పి కన్నా సిగ్గే ముందొస్తది గదా!"

జడ్జిగారు వీడియో మళ్లీ వేయించారు. తడి నేల దగ్గర హెచ్చరిక బోర్డు ఎక్కడా కనబడలేదు.

తీర్పు ఆమెకే అనుకూలంగా వచ్చింది. కత్తెర పట్టు చిక్కక, మస్తాన్‌బీ ఇప్పుడు ఇంటి ముందు దారాలూ బొత్తాలూ అమ్ముతోంది.