వేపాకు చేదుగానే ఉంది

కన్నడ సీమలో మా జాలహళ్ళి వైపు చేలల్లో ఎవరికైనా పాము ముట్టిందంటే అందరి చూపూ ముందు వేపచెట్టు మీదికి పోతుంది. నాలుగు ఆకులు దూసి నమలమంటారు. చేదు తెలిస్తే విషం ఎక్కలేదని, చప్పగా ఉంటే ఎక్కిందని లెక్క. కోడలిగా వచ్చిన కొత్తలో ఈ మాట విని నవ్వాను. ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేదాన్ని, నవ్వకుండా ఎలా ఉంటాను? ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ ఆదివారం పత్తి తీతకు నేనూ వెళ్ళాను. కూలివాళ్ళు నలుగురే దొరికారు. ఆకాశం మబ్బు పట్టి ఉంది, విచ్చుకున్న పత్తి తడిస్తే నల్లబడిపోతుంది. మా ఆయన దేవసూగూరు దగ్గర కరెంటు కేంద్రంలో డ్యూటీకి పోయాడు. బడి లేదు కదా, వచ్చి ఒక సాలు పట్టమని మా అత్తమ్మ పొద్దున్నే హుకుం జారీ చేసింది. ఆమెకు అరవై దాటాయి. నేను ఒక చెట్టు ముగించేలోపు మూడు చెట్లు దాటి, చదువుకున్న చేతుల పని ఇంతేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూస్తుంది.

మాకొక పద్ధతి ఉండేది. ఒడి నిండగానే పత్తిని సాలు చివర, రాళ్ళగట్టు పక్కన నేలమీదే కుప్ప పోసేవాళ్ళం. మధ్యాహ్నం ఆ కుప్పలన్నీ పాత చీరలోకి ఎత్తి మూట కట్టేవాళ్ళం. అంత మెత్తటి చాటులోకి ఏదైనా దూరుతుందని ఎవరికీ తట్టలేదు.

రొట్టెలు తినే ముందు అత్తమ్మ చివరి కుప్ప కింద చెయ్యి పెట్టింది. పెట్టిన చేతిని వెంటనే లాక్కుంది. మట్టి రంగులో, మూరెడు కూడా లేనిది, పక్కకు పక్కకు జరుగుతూ రాళ్ళలోకి పోయింది. పింజర. ఆమె చూపుడు వేలి మీద రెండు రక్తపు చుక్కలు.

ఒకామె చీర అంచు చింపి చెయ్యి బిగించి కట్టబోయింది. ఇంకొకామె కొడవలి తీసింది. కట్టొద్దు, కొయ్యొద్దు అని గట్టిగా అరిచి ఇద్దరినీ ఆపాను. ఆపగలిగినందుకు లోలోపల గర్వం కూడా కలిగింది, దాచడం ఎందుకు! చెయ్యి కదపకుండా ఒళ్ళో పెట్టుకోమన్నాను. ఆటోకు ఫోన్ చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఇంతలో ఒకామె వేపరెమ్మ విరిచి తెచ్చింది. కోస్తే నష్టం, కడితే నష్టం, ఆకు నమిలితే పోయేదేముంది అనుకున్నాను. ఆ రెమ్మ అందుకుని, ఆకులు దూసి, అత్తమ్మ నోట్లో పెట్టింది నేనే.

“చేదున్నదా, అత్తమ్మా?”

“ఉన్నది బిడ్డా, మస్తు చేదున్నది,” అని ఆమె మొహం చిట్లించింది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను. ఫోన్ తిరిగి సంచిలో వేసేశాను. పింజర విషానికీ నాలుక రుచికీ సంబంధం లేదని, అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదని చదివినదాన్నే. ఆ చదువు ఎక్కడికీ పోలేదు. కానీ అప్పటికి నాకు ఎవరైనా ఏమీ కాదని చెబితే చాలని ఉంది. ఆకు ఆ మాట చెప్పింది. పిల్లపాము లే, దీనికి విషమెక్కడిది అని పైనుంచి నేనే అన్నాను.

అత్తమ్మ నోరు పుక్కిలించి, సగం రొట్టె తిని, చెయ్యి మండుతోందని గొణుగుతూనే రెండో చేత్తో పత్తి తియ్యడం మొదలుపెట్టింది. కూర్చోమంటే వింటుందా? మబ్బు చూపించింది. అలా దాదాపు రెండు గంటలు గడిచాయి.

ఆమెకు ఆకువక్క అలవాటు. ఎప్పుడు చూసినా నోరు ఎర్రగానే ఉంటుంది, సాలు పొడవునా ఉమ్ముతూనే ఉంటుంది. అందుకే ఒక చెట్టు దగ్గర తెల్లటి పత్తి మీద ఎర్రటి ఉమ్మి కనిపిస్తే, సరుకు ఖరాబు చేస్తోందని విసుక్కున్నాను. నాలుగు చెట్లు దాటాక మళ్ళీ అదే ఎరుపు. అప్పుడు నా చెయ్యి దానంతటదే భుజానికి వేలాడుతున్న సంచి మీదికి పోయింది. ఆమె ఆకువక్క తిత్తి అందులోనే ఉంది. పుక్కిలించిన తర్వాత ఆమె నన్ను తిత్తి అడగనే లేదు.

పరుగెత్తి వెళ్ళి నోరు తెరవమన్నాను. పళ్ళ సందుల్లోంచి రక్తం ఊరుతోంది. వేలి మీది చుక్కలు ఇంకా ఆరలేదు. ముంజేయి దాకా వాచి, వెండి కడియం చర్మంలోకి దిగిపోయింది. మొదటే తీసెయ్యాల్సిన ఆ కడియం సంగతి కూడా నాకు తట్టలేదు.

ఫోన్ చేస్తే ఆటో పది నిమిషాల్లో వచ్చింది.

దారిలో నా ఒళ్ళో తల పెట్టుకుని, “నేను సస్తనా, బిడ్డా?” అని అడిగింది. ఏనాడూ నన్ను ఏదీ అడగని మనిషి. సావవు అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. ఆమె చనిపోతే ఆ ఇంట్లో తలెత్తుకుని ఎలా తిరుగుతానన్న ఆలోచన కూడా వచ్చింది. అలాంటప్పుడు కూడా నా సంగతే ఆలోచించానని ఇప్పటికీ సిగ్గు.

తాలూకా దవాఖానలో డాక్టరు “ఎష్టొత్తాయ్తు?” అన్నాడు, ఎంతసేపయిందని. రెండున్నర గంటల పైనే అన్నాను. ఇంతసేపు ఏం చేశారని కన్నడంలోనే అడిగాడు. “ఆటో సిగలిల్ల,” అన్నాను, ఆటో దొరకలేదని. మంచం మీద నుంచి అత్తమ్మ నా వైపు చూసింది.

గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి కిటికీ పక్కన నిలబెట్టారు. ఇరవై నిమిషాలు దాన్ని కదపకూడదు. గడ్డకడితే గొట్టం వంచినా రక్తం కదలదు. క్లాసులో ఇరవై నిమిషాలు నాకు పాఠం మొదలుపెట్టడానికే చాలవు. ఆ రోజు మాత్రం ఒక్కో నిమిషం గోడ గడియారంలో ఇరుక్కుపోయి ముందుకు రానంది. చివరికి నర్సు గొట్టం వంచింది. రక్తం నీళ్ళలా జారింది.

విరుగుడు మందు ఎక్కించారు. మధ్యలో ఆమెకు చలి పుట్టి మంచం కదిలేంతగా వణికింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన మా ఆయన, ఇంత ఆలస్యం ఎందుకయిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ కళ్ళు మూసుకునే, “ఆటో దొరకలే,” అంది. తర్వాతి పరీక్షలో గొట్టంలోని రక్తం గడ్డకట్టింది. ఆమె బతికింది. వేలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు.

నా అబద్ధం అక్కడితో ఆగిపోతే బాగుండేది. ఊళ్ళో దానికి కాళ్ళొచ్చాయి. ఆకు నిజమే చెప్పింది, చేదున్నది గనకనే ముసలమ్మ బతికింది, ఆటోనే ఆలస్యమయింది అన్నారు. వింటూ ఊరుకున్నాను. అత్తమ్మా ఊరుకుంది. చేలో మాత్రం పద్ధతులన్నీ మార్చేశాను. పత్తి నేల మీద పొయ్యకూడదు, నేరుగా సంచుల్లోకే. గట్టు పక్కకు పోతే కట్టెతో తట్టి పోవాలి. కాళ్ళకు బూట్లు. టీచరమ్మ చేనులో కూడా బెత్తం వదలదని కూలివాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు, భయపడేదాన్ని నేనే కదా.

మరుసటి ఏడు, మిట్టమధ్యాహ్నం, ఉక్కకు బూట్లు విప్పేసి గట్టు దగ్గర నీళ్ళ బిందె ఎత్తబోయిన కూలామె అబ్బా అని కూర్చుండిపోయింది. మడమ మీద గాటు. ఏది కరిచిందో ఎవరూ చూడలేదు. నేను సంచిలో ఫోన్ వెతుక్కునేలోపే ఆమె నోట్లో వేపాకు పడింది.

“చేదున్నది,” అందామె.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ చప్పుడు నేను అంతకుముందు విన్నదే.

“మా అత్తమ్మకు గూడ చేదుండె,” అన్నాను. “ఆటో పది నిమిషాల్ల వచ్చింది. రెండు గంటలు పిలవకుండ కూసున్నది నేను.”

అత్తమ్మ మొహం చూసే ధైర్యం నాకు లేదు. ఆమె మాత్రం వంగి, ముడుచుకోని ఆ వేలున్న చేత్తోనే కూలామె గడ్డం పట్టుకుని, “ఉమ్మెయ్,” అంది. తర్వాత నా వైపు తిరిగి, “ఏం చూస్తున్నవ్? ఫోన్ చెయ్ జల్ది,” అంది.

ఆటోలో దారి పొడవునా కూలామె చిగుళ్ళు చూస్తూనే ఉన్నాను. చూసిన ప్రతిసారీ ఆమె ఆశగా నా మొహంలోకి చూసింది.

“ఇంకా చేదుగనే ఉన్నది, టీచరమ్మా.”

“ఉంటది,” అన్నాను. ఆటో అతన్ని ఇంకొంచెం తొందరగా పోనివ్వమన్నాను.