అత్తమ్మ కండ్లు, రెండు కెమెరాలు

మా అత్తమ్మ ఏ ఫోటోలోనూ కండ్లు తెరిచి లేదు. కొడుకు ఫోటోగ్రాఫర్, కోడలు కూడా కెమెరా పట్టేదే. అయినా తొంభైల నుంచి ఏ పెండ్లి ఫోటో చూసినా, ఏ పుట్టినరోజు ఫోటో చూసినా, అందరి నడుమ ఆమె హాయిగా నిద్రపోతున్నట్టే వచ్చేది. పెండ్లికొడుకు తాళి కడుతుంటే నిద్ర. మనుమరాలు కేకు కోస్తుంటే నిద్ర.

బాన్సువాడ బస్టాండు దగ్గర మా స్టూడియో. నేను బడికి పోలేదు. అక్షరాలు మా నాయన ఇంట్లనే దిద్దించిండు, కెమెరా మా ఆయన నేర్పిండు. నాయన ఓపికతో నేర్పితే ఈయన తిట్టుకుంటూ నేర్పిండు, అయినా దేవుని దయవల్ల రెండూ వచ్చినయి. ఇండ్లకు పోయి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఫోటోలు తీసే పని నాది. ఆడవాళ్లు నా ముందైతే కొంగు సర్దుకుంటూ బిగుసుకుపోరు.

రీళ్లు కడిగే కాలం పోయినంక డిజిటల్ కెమెరా కొనక తప్పలేదు. నిజామాబాద్ దుకాణదారు లెన్సు లేని రెండు కెమెరా బాడీలు చేతిలో పెట్టి, కొన్నాళ్లు వాడి చూసి ఒకటి వాపస్ ఇయ్యమన్నాడు. లెన్సు మా దగ్గరున్నదే, దేనికైనా సరిపోతుంది. ఒకటి కొత్తది, తేలిక, మెగాపిక్సెళ్లు ఎక్కువ, నెత్తిన ఫ్లాష్ కూడా ఉంది. రెండోది ఎవరో వాడి అమ్మింది. ఆవకాయ జాడీ అంత బరువు, పిక్సెళ్లు తక్కువ, నెత్తిన ఏమీ లేదు. కానీ చీకట్ల మంచిగ చూస్తదని దుకాణదారు మాట.

మా ఆయన కొత్తదాని దిక్కే. "పెండ్లోళ్లు వచ్చి ముందుగాల అడిగేదేంది? ఎన్ని మెగాపిక్సెళ్లు అనే గద! నీ జాడీ చూపిస్తె ఎవడొస్తడు?"

నా మనసు జాడీ మీద ఉంది. వర్ని దిక్కు పాత ఇండ్లలో నడింట్లో మిట్టమధ్యాహ్నం కూడా మసకే. ఆ మసకలో ముఖాలు ఎంత బాగుంటాయో! ఫ్లాష్ కొడితే అందరూ దొంగతనంలో దొరికినట్టు వస్తారు.

తెగలేదు. దేవుని ముందర రెండు చీటీలు వేసి, మనసులో జాడీని తలుచుకొని ఒకటి తీశాను. కొత్తదే వచ్చింది. స్వామి పరధ్యానంగా ఉన్నాడేమోనని మళ్లీ వేశాను. మళ్లీ అదే. దేవునికి సుత పిక్సెళ్ల పిచ్చి పట్టిందనుకొని, దండం పెట్టుకొని చీటీలు పొయ్యిలో పడేశాను.

అప్పుడు అత్తమ్మ తీర్పు చెప్పింది. మామ పోయి చాలా ఏండ్లయింది, ఆయన ఫోటో నడింట్లో గోడకు ఉంది. దాన్ని చూపిస్తూ అన్నది: "జూడుండ్రి, మీ మామ ఎట్ల గుడ్లురిమి చూస్తుండో. రేపు నన్ను గాయన పక్కననే తగిలిస్తరు. కండ్లు మూసుకొని ఉంటె నలుగురు ఏమంటరు? సచ్చినంక సుత మొగని పక్కన పండుకున్నదంటరు. ఏ డబ్బాల నా కండ్లు తెర్సుకొని వస్తయో, గా డబ్బనే ఇంట్ల ఉండాలె."

మా నడింట్లోనే కుర్చీలో అత్తమ్మ, వెనక మా ఆయన, మా బిడ్డ. ముందు కొత్తది పట్టాను. ఫ్లాష్ కొట్టింది. కండ్లు మూత. మళ్లీ కొట్టింది. మళ్లీ మూత.

"అవ్వా, గొంచెం మేలుకో!" అన్నడు మా ఆయన.

"మేలుకోనే ఉన్న, నీ డబ్బనే నిద్రపోతుంది!"

కెమెరా వెనక తెర మీద బొమ్మ పెద్దది చేసి చూశాను. కండ్లే కాదు, ఒళ్లో ఉండాల్సిన చేతులు రొమ్ముదాకా లేచి జోడించి ఉన్నాయి.

"అత్తమ్మా, చేతులెందుకు లేపినవ్?"

"ఎందుకేంది? లైటొచ్చింది గద!"

మా ఇంట్లో పొద్దుగూకి దీపం పెట్టినా, పోయిన కరెంటు వచ్చినా ఆమె చేతులు జోడించి కండ్లు మూసుకుంటుంది. రీళ్ల రోజుల్లో మా ఆయన పెద్ద లైట్లు వేసీ వేయంగనే బటన్ నొక్కేవాడు. ఈ కొత్తదేమో వెలుగు కొలుచుకునేందుకు ముందొకసారి మెరుస్తుంది, తర్వాతే ఫోటో. మొదటి మెరుపుకు ఆమె మొక్కుతుంది, రెండో మెరుపుకు దొరికిపోతుంది. గుంపులో చేతులు కనబడక, ఇన్నేండ్లు నిద్ర అని మేం నవ్వింది ఆమె దండాన్ని చూసి!

"అది దేవుని దీపం కాదే అవ్వా, ఫ్లాష్. గీ ఒక్కసారి మొక్కకు," అన్నడు మా ఆయన.

"ఇంట్లకు వెలుగొస్తె మొక్కద్దా? నిన్ను గట్లనే పెంచిన్నా రా?"

మా బిడ్డ ఆమె చేతులు గట్టిగా పట్టుకుంది. చేతులు ఆగినయి, కండ్లు ఆగలేదు. మొక్కద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తప్పు ఫ్లాష్‌దే అని దాన్ని మూసేసి తీశాను. కండ్లు తెరుచుకున్నాయి గానీ ఆ మసకకు ముఖమంతా ఉప్మారవ్వ చల్లినట్టు చుక్కలు.

"నాకు చిన్నప్పుడు అమ్మవారు పోసి తగ్గింది. మళ్లెందుకు తెచ్చినవే?" అన్నది అత్తమ్మ తెర చూసి.

ఇగ జాడీ ఎత్తుకున్నాను. వీధి తలుపు తీయించి, ఫ్లాష్ ఊసే లేకుండా నొక్కాను. మసక మసకగానే ఉంది, ముఖం తేటగా వచ్చింది, కండ్లు రెండూ తెరిచి. మా ఆయన కొత్తదాన్ని వాపస్ ఇయ్యడానికి అట్టపెట్టెలో సర్దిండు. చీటీలను కాదని ఇట్ల దారి చూపిన స్వామికి ఆ పూట రెండు అగరొత్తులు ఎక్కువ వెలిగించాను.

అందులోంచి ఆమె ఒక్కదాన్నే పెద్దది చేయించి ఫోటో కట్టించినంక అత్తమ్మ ఆగలేదు. "చచ్చేదాంక ఎందుకు? నేను సుత చూస్కోవద్దా?" అని మామ పక్కనే తగిలించుకుంది.

ఒకనాడు పిట్లం నుంచి ఆమె చెల్లెలు చెప్పకుండా వచ్చింది. గడప దాటంగనే గోడ దిక్కు చూసి సంచి కింద పడేసింది. "అక్కా! నాకొక్క మాటన్న చెప్పకపోతిరే!" అని రొమ్ము బాదుకుంటూ కూలబడ్డది.

అత్తమ్మ వంటింట్ల నుంచి పిండి చేతులతో ఉరికొచ్చింది. "ఎవరు పోయిండ్రే?"

చెల్లెలు ఆమెను చూసింది, గోడను చూసింది. "నువ్వే," అన్నది.

"నేనా? సరెగని, ఏడుపాపి సక్కగ చూడు. కండ్లు మంచిగ వచ్చినయా?"

చెల్లెలు ముక్కు చీది, లేచి దగ్గరికి పోయి చూసింది. "కండ్లు మంచిగనే వచ్చినయి. గా ఎలిసిన చీరేంది? మంచిది దొరకలేదా?"

అత్తమ్మ నా దిక్కు తిరిగింది. నేను జాడీ చేతికి తీసుకొని, పోయి వీధి తలుపు బార్లా తీశాను.