కొట్టంలో అవ్వ చీర

మా చిన్నప్పుడు... ఒకరోజు పొద్దున్నే మా బాపు చీర కట్టుకుని పశువుల కొట్టంలోకి వెళ్లాడు. నవ్వకండి, నిజమే!

మా ఊరు జనగామకు దగ్గరే. ఇంట్లో ఒక్కటే బర్రె, పేరు గౌరి. దాని పాలు పిండేది మా అవ్వ... మేం అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అంటాం. కుడితి పెట్టి, దూడను, అదే దుడ్డెను వదిలి, పొదుగు కడిగి, పాల సర్వను మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చునేది. గౌరి నెమరేస్తూ హాయిగా చేపేది, పాలు ధారగా వదిలేది. ఇంకెవరు ముట్టుకున్నా తన్నేది. పాల కేంద్రానికి వెళ్లేదీ అవ్వే. అక్కడ బాపును కూడా "రాజవ్వ పెనిమిటి" అనే గుర్తుపట్టేవాళ్లు.

ఆ వారం అవ్వ జ్వరంతో దవాఖానలో ఉంది. రెండు పూటలు గౌరి బాపును దగ్గరికి రానివ్వలేదు. పొదుగు గట్టిపడి ఒకటే అరుపులు... బాపుకు వదిన వరసయ్యే పక్కింటామె చెప్పింది, "ఆమె విడిచిన చీర కట్టుకోని కూసో మరిదీ, చేపుతది."

బాపు కొంగు నెత్తిన కప్పుకుని కూర్చున్నాడు. గౌరి చీరను వాసన చూసింది... కాసేపటికి చేపింది. మేం పడీ పడీ నవ్వాం.

అవ్వ ఇంటికొచ్చాక విని, తనూ నవ్వింది. "ఒక్కనాడు మోసపోయింది గని, దానికి నా చెయ్యే గావాలె" అంది. ఆ మాటలో ఎంత గర్వమో!

ఇప్పుడు బాపు లేడు. తమ్ముడు పది బర్రెలతో షెడ్డు వేశాడు. పోయినేడు పాలు పిండే మిషను తెచ్చి, "ఇగ నువ్వు కూసో అవ్వా, పిండి పిండి చేతులు వోయినయ్" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, తప్పు పట్టలేను. కానీ అవ్వ కూర్చున్నదెక్కడ? పెండ ఎత్తడం, షెడ్డు కడగడం, మిషను పైపులు తోమడం... అవన్నీ ఆమెకూ మా మరదలికీ మిగిలాయి. కేంద్రానికి తమ్ముడే బండి మీద వెళ్తాడు. అవ్వను అక్కడ కొత్తవాళ్లు గుర్తుపట్టరు కూడా.

మొన్న నేను వెళ్లినప్పుడు గౌరి మనవరాలు మిషనుకు చేపలేదు. దూరంగా పెండ ఎత్తుతున్న అవ్వ గంప దించింది. "ఆగు కొడుకా, నేనొస్తున్న" అంటూ గబగబా చేతులు కడుక్కుంది. ఎన్నాళ్ల తర్వాతో ఆ ముఖంలో వెలుగు చూశాను...

ఆమె వచ్చేలోపే తమ్ముడు దండెం మీద అవ్వ విడిచిన చీర తెచ్చి, బర్రె ముందున్న గుంజకు కట్టాడు. అది ముక్కుతో చీరను రాసుకుని చేపింది. పైపులో పాలు పారాయి.

అవ్వ తడి చేతులతో అక్కడే నిలబడింది. "చీర సాలునట బిడ్డా దానికి..." అని నాతో అని, వెనక్కి వెళ్లి గంప ఎత్తుకుంది.

చిన్నప్పుడు కొట్టంలో అవ్వ చీరను చూసి అంత నవ్విన నాకు ఆరోజు ఏడుపు ఆగలేదు.

మీ ఇంట్లో పాలు పిండిన చేతులు ఎవరివి? అవి ఇప్పుడేం చేస్తున్నాయి... ఒకసారి వెళ్లి చూసి, ఇక్కడ చెప్పండి.