గొట్టం గది

ముసునూరు దాటాక మామిడి తోటల్లోకి వెళ్ళే మట్టిబాటలో బసవపున్నారావు ఇల్లు ఎక్కడని అడిగితే చప్పున చెప్పగలిగినవారు తక్కువ. గొట్టం ఇల్లు ఎక్కడని అడిగితే పశువులు కాసేవారు సైతం చెయ్యెత్తి చూపేవారు. పెరటి చివర నడుమెత్తున నిలిచిన సిమెంటు గొట్టం మూతి ఒకటి ఉండేది. అందులో చొరబడిన గాలి రెండు నిలువుల లోతున మట్టిలో తోట పొడవునా ప్రయాణించి, పున్నారావు పడుకునే పడమటి గది గోడలోంచి చల్లగా బయటపడేది. గోడలో బిగించిన చిన్న పంకా దాన్ని లాగేది. కరెంటు ఉన్నంతసేపే ఆ చలువ.

ఈ ఆలోచన అతనికి పుస్తకాల్లో దొరికింది కాదు. ఒక వైశాఖంలో పూడిక తీయించడానికి తోట బావిలోకి దిగినప్పుడు, పైన నిప్పులు చెరుగుతున్న ఎండ, అడుగున ఉన్నవాడికి తగల్లేదు. అదే బావి నీళ్ళు పుష్యమాసపు తెల్లవారుజామున గోరువెచ్చగా ఆవిర్లు కక్కుతాయి. ఎండగానీ చలిగానీ అంత లోతుకు పోలేవని, స్కూలు ఫైనలుతో చదువు ఆపేసిన పున్నారావు తనంతట తాను తేల్చుకున్నాడు. ఎనభై నాలుగులో తాపీపని చేసే సలోమోను చేత కందకం తవ్వించి గొట్టాలు పాతించాడు.

కందకం పోయిన దారిలోనే భార్య తులసమ్మ ఏటా ఆవకాయకు వాడే కొత్తపల్లి కొబ్బరి మామిడి చెట్టు ఉంది. వేళ్ళు తెగి, ఒక పక్క కొమ్మలన్నీ ఎండిపోయాయి. ఆమె ఆ సంగతి మరచిపోలేదు, అతన్ని మరచిపోనివ్వలేదు.

గొట్టానికి పనులూ ఉండేవి. వేసవికి ముందు గుడ్డమూట కట్టిన తాడును ఈ చివరినుంచి ఆ చివరికి లాగి దుమ్ము తీయాలి. కప్పలూ పాములూ దూరకుండా మూతికి కట్టిన వల చిరిగితే మార్చాలి. గొట్టం వాలు చివరి గుంటలో చేరిన నీరు తోడాలి. ఇవన్నీ పున్నారావు ఒక్కడే చేసుకునేవాడు. అయినా గొట్టం అతన్ని తికమక పెట్టడం మానలేదు. మొదటి చలికాలం గోడలోంచి వెచ్చటి గాలి రాగానే, మోటారు కాలిపోతోందని కంగారుపడి పంకా విప్పేశాడు. పంకా లేకుండా చెయ్యి పెట్టినా వెచ్చగానే ఉంది. బెజవాడ వెళ్ళి థర్మామీటరు తెచ్చి వేలాడదీశాడు. మే నెలలో ఇరవై తొమ్మిది, జనవరిలో ఇరవై ఆరు. గొట్టం దాదాపు ఒకేలా ఉంది; మారుతున్నది బయటి ఋతువు. అది బుర్రకెక్కడానికి అతనికి ఏడాది పట్టింది.

ఎనభై ఏడు వేసవిలో, ఆవకాయ కాయ కోయించిన మర్నాడే చింతలపూడిలో పున్నారావు బాబాయి పోయాడని కబురు వచ్చింది.

"కాయ కోసి కూర్చున్నాం. ఇప్పుడీ మైల. పెద్దకర్మ అయ్యేదాకా ఆవపిండి ముట్టుకోకూడదు. ఈలోపల ఇవి పండిపోవూ?" అంది తులసమ్మ.

"నా గదిలో పెట్టు. వేడికేగా కాయ మాగేది? గడ్డిలో కప్పెట్టేది అందుకేగా? చల్లగా ఉన్నచోట రాయిలా ఉంటాయి."

"చెట్టును సగం మింగింది చాలక కాయలు కూడా దాని నోట్లోనే పెట్టమంటారా?"

"ఒక్కసారి నమ్మి చూడు, తులసీ."

"చూస్తా. కాయ మెత్తబడిందో, సలోమోనును పిలిచి ఆ మూతి సిమెంటుతో పూడ్పించేస్తా. అప్పుడు నన్నేమీ అనకూడదు మరి!"

పున్నారావు ఒప్పుకున్నాడు. మూడేళ్ళ శ్రమ ఆ కాయలమీద పెట్టాడు. తులసమ్మ మాత్రం పూర్తిగా నమ్మలేదు: సగం గదిలో పేర్పించి, సగం రేకుల షెడ్డులో గోనెసంచులమీద పరిపించింది.

అతను చింతలపూడి వెళ్ళివచ్చినప్పుడల్లా స్నానం చేసి నేరుగా గదిలోకే పోయేవాడు. పెద్దకర్మ ఇంకా రాకముందే ఒక మధ్యాహ్నం తలుపు తీయగానే తియ్యటి వాసన గుప్పుమంది. కాయ తీసి నొక్కితే బొటనవేలు దిగబడింది. అన్నీ పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. షెడ్డులోకి పరుగెత్తాడు. రేకుల కింద ఒళ్ళు మాడిపోతోంది. కాయలు తొక్క ముడతలు పడినా ఆకుపచ్చగానే ఉన్నాయి. కొరికితే పళ్ళు పులిశాయి.

పారేసుకున్న వస్తువు కోసం వెతికేవాడిలా గదికీ షెడ్డుకూ మధ్య తిరిగాడు. థర్మామీటరు చెడిందేమోనని బావి నీళ్ళలో ముంచి చూశాడు, చెడలేదు. సిమెంటు వాసన తగిలిందా? మైలలో ముట్టుకున్నందుకా? తన ఒళ్ళు చల్లగా ఉందన్నచోట కాయ మాగింది, మాడిపోతున్నచోట పచ్చిగా నిలిచింది. ఏది నమ్మాలి?

నిజానికి మాగడానికి కాయకు ఒక మోస్తరు వెచ్చదనమే కావాలి. వేడి మరీ మితిమీరితే ఆ పని కుంటుపడుతుంది. నలభై రెండు డిగ్రీల ఎండలోంచి వచ్చిన మనిషికి చలువ అనిపించే ఇరవై తొమ్మిది, కాయ మాగడానికి సరిపోయే వెచ్చదనం. ఈ ముక్క పున్నారావుకు చెప్పేవారు ఆ చుట్టుపక్కల లేరు.

సాయంత్రానికల్లా సలోమోను సిమెంటు గమేళాతో వచ్చాడు. తలుపులోంచి తొంగిచూసి, "ఏంటండీ పున్నారావుగారూ, నీడపట్టున పడుకోబెడితే పండిపోయినయ్యా? పుట్టిందగ్గర్నుంచి ఎండలో ఉన్నాను, నేనింకా పచ్చిగానే ఉన్నానండీ!" అన్నాడు.

పున్నారావు నవ్వలేదు. "అన్నమాట ప్రకారం పూడ్చెయ్యి," అన్నాడు నేల చూస్తూ.

తులసమ్మ అప్పటికి ఒక పండు కోసింది. తొడిమ దగ్గర నలుపు లేదు, లోపల కుళ్ళు లేదు. ఇంకొకటి కోసింది. అదీ అంతే. గడ్డిలో వేసినప్పుడు ఒక పక్క పండి ఒక పక్క చివికే కాయలను ఆమె చాలా చూసింది. ఇన్ని కాయలు ఇంత సమంగా మాగడం ఇదే మొదలు.

"సలోమోనూ, ఆ గమేళా దించు."

"పూడ్చొద్దాండీ అమ్మగారూ?"

"వద్దు. ఆవకాయకు షెడ్డులోవి చాలు. జాడీ సగమైతే సగమే." భర్త వైపు తిరిగింది. "ఏవండీ, మీ మంచం షెడ్డులో వేయించుకోండి. ఎల్లుండి రసాల కోత. బుట్టలన్నీ ఈ గదిలో దింపిస్తా."

"మరి నేనో? ఆ రేకుల కింద ఉడికిపోనా? కాయపాటి చెయ్యనా?"

"మీరు మాగి చాలా కాలమైంది లెండి. వాటికింకా టైముంది."

గొట్టం నిలిచింది. మర్నాడు మధ్యాహ్నం పున్నారావు షెడ్డులో నులకమంచంమీద పొర్లుతూ, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, గోడ అవతల పంకా తిరుగుతున్న చప్పుడు విన్నాడు. పందెం ఓడాడు, పోతుందనుకున్నది మిగిలింది, మిగిలినదాంట్లో తనకు చోటు లేదు. సంతోషించాలో, పోట్లాడాలో ఎటూ తేలక, కాసేపటికి లేచి, మూతికి కట్టిన వల చిరిగిందేమో చూడడానికి పెరట్లోకి నడిచాడు.