మూడో కంప్యూటర్లో తెరిచి ఉన్న రిపోర్టు

దయ్యాల మాట ఎత్తితే నేను వాదించే మనిషిని కాదు. నమ్మకం లేదు, వాదించే ఓపికా లేదు. పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. పనిచేయని యంత్రానికి ఏదో ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. నాకు తెలిసిన వేదాంతం అంతే.

పోయిన ఎండాకాలం విడపనకల్లు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో మాత్రం అది దొరకలేదు.

ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి అది. చీటీలు రాసేచోట ఒక కంప్యూటరు, డాక్టరు గదిలో ఒకటి, పరీక్షల గదిలో ఒకటి. పాత ప్రోగ్రాం తీసేసి మూడింటిలోనూ కొత్తది వేయాలి. నేనుండేది బుక్కరాయసముద్రంలో. అనంతపురం వచ్చి, ఉరవకొండలో బస్సు మారి అక్కడికి చేరేసరికి పదకొండు దాటింది. మొదటి రెండిటికీ చెరో పది నిమిషాలు పట్టింది.

మూడోదానిలో, అంటే పరీక్షల గదిలో ఉన్నదానిలో, కొత్త ప్రోగ్రాం వేసే ఇన్‌స్టాలర్ మీద నొక్కితే బాణం గుర్తు పక్కన చిన్న చక్రం ఒకసారి తిరిగి ఆగిపోయేది. అంతే. తప్పు జరిగిందని చెప్పదు, ఎందుకు ఆగిందో చెప్పదు. ఏడ్చే పిల్లతో వేగవచ్చు గానీ ఏమీ చెప్పని పిల్లతో వేగలేం.

యాంటీవైరస్ ఆపి చూశాను. డిస్కులో చోటు ఖాళీ చేశాను. ఇన్‌స్టాలర్‌ని వేరే పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. అన్నీ తుడిచేసి విండోస్ కొత్తగా వేద్దామంటే పాత రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి. కొత్త ప్రోగ్రాం వాటిని తీసుకున్నాకే పాతది తీయాలి. అంతదాకా ఆ గదిలో పరీక్షలు ఆపేయాల్సి వచ్చింది.

అలా పది రోజుల్లో మూడుసార్లు తిరిగాను. బస్సులో కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే దుమ్ము. అక్కడ అన్నీ చూసుకునే నర్సు నాగరత్నమ్మ నన్ను చూడగానే అదే ప్రశ్న వేసేది.

"ఇంగా కాలేదా అప్పా? రక్తం పరీక్షకు వచ్చినోళ్లను ఈ ఎండలో గుంతకల్లుకు పంపిస్తాండాము."

నేను బ్యాగు దించి మళ్లీ ఆ కంప్యూటరు ముందే కూర్చునేవాణ్ణి.

నాలుగోసారి వెళ్లినప్పుడు, ప్రోగ్రాం చేసిన కంపెనీకి ఫోను చేస్తే, ఇన్‌స్టాలర్ తాను చేసిన ప్రతి పనినీ ఒక ఫైల్లో రాసిపెడుతుందని, అది ఎక్కడుందో చెప్పారు. తెరిచి చూశాను. నేను ప్రయత్నించిన ప్రతిసారీ చివరి వాక్యం ఒకటే. పాత ప్రోగ్రాంలో ఒక రిపోర్టు తెరిచి ఉంది కాబట్టి ఆగాను, అని. దాని కింద రిపోర్టు నంబరు, తెరిచినవాళ్ల పేరు. ఆ పేరు సువార్త.

నాగరత్నమ్మను పిలిచి, సువార్త ఎవరో, ఆ రిపోర్టు కాస్త మూసేయమనండి అన్నాను.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వంగింది. "ఆయమ్మ పోయి ఆర్నెల్లాయ కదప్పా. ఈ కుర్చీలోనే కూర్చుంటాండె. గుండెపోటు."

నాకు భయం వేయలేదు. విసుగు వేసింది. చనిపోయినవాళ్ల లాగిన్ తీసేయకపోతే ఇలాంటి చిక్కులు మామూలే. ఆ లాగిన్ తీసేశాను. వేరే కంప్యూటర్ నుంచి ఎవరూ తెరవకుండా నెట్‌వర్క్ వైరు పీకేశాను. రిపోర్టు తెరిచి ఉందని గుర్తుగా ఉండే చిన్న ఫైలును చెరిపేసి, కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి, ఇన్‌స్టాలర్ మీద నొక్కాను. చక్రం తిరిగి ఆగిపోయింది.

చెరిపిన ఫైలు మళ్లీ ఉంది. అందులో ఆ రోజు తేదీ, నిమిషం కిందటి టైము. పేరు సువార్తే. ఇంకో రెండుసార్లు చేశాను. రెండుసార్లూ అంతే.

చేసేదేమీ లేక, ఆ రిపోర్టు నంబరు ఎవరిదో చూడమన్నాను. నాగరత్నమ్మ రిజిస్టరు తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి రెండుసార్లు చదివింది.

"తిప్పక్క. గొర్రెలోళ్లు" అంది. "దగ్గుతా వచ్చినాది, కఫం పరీక్షకిచ్చి పోయినాది. టీబీ ఉండాదని వచ్చె. అప్పటికే వానల్లేక గొర్రెలు తోలుకోని తుంగభద్ర దిక్కు పోయినారు. ఫోను లేదు. వాళ్ల ఊరోళ్లు ఎవరొచ్చినా సువార్తమ్మ అడుగుతాండె, తిప్పక్క వచ్చిందా అని. ఆయమ్మ పోయినాక మేమూ మర్చిపోతిమి."

ఆ మధ్యాహ్నమే ఆమె తిప్పక్క ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోను చేసింది. మంద తిరిగొచ్చి నాలుగు రోజులైందట. తిప్పక్కను పొద్దున్నే పంపమంది.

ఇంటికి పోయి మళ్లీ వచ్చే ఓపిక లేక ఉరవకొండలో ఉండిపోయాను. పొద్దున నేను వెళ్లేసరికి తిప్పక్క బెంచీ మీద కూర్చుని ఉంది. నలభై ఐదేళ్లుంటాయేమో, ఎముకల గూడులా ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాగరత్నమ్మ రిజిస్టరు చూసి రాసిన రిపోర్టు కాగితం ఆమె చేతికిచ్చి, మందులు ఎట్లా మింగాలో చెప్పింది. "ఆర్నెల్లు మానకుండా మింగల్ల. నడిమిట్లో ఆపితే మళ్లా మొదటికొస్తాది."

తిప్పక్క కాగితం తిరగేసి చూసింది. "ఆ ల్యాబు ఆయమ్మ యాడ? తానే నా చేతికిస్తానని చెప్పినాదే."

"లేదమ్మా" అంది నాగరత్నమ్మ.

నేను పరీక్షల గది తాళం తీయించి లోపలికి వెళ్లి కూర్చున్నాను. నిన్న వదిలినప్పటినుంచి దాన్ని ఎవరూ తెరవలేదు. ఏదీ మార్చలేదు. ఇన్‌స్టాలర్ మీద నొక్కాను. ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది, పాత రిపోర్టులతో సహా.

తిప్పక్కతో ఒకే గుడారంలో పడుకునే మనవరాలికీ జబ్బు మొదలైందని, ఇద్దరూ మందులు మింగుతున్నారని, మనుషులు కాస్త తేరుకున్నారని తర్వాత ఫోనులో తెలిసింది.

మా ఆఫీసులో తోటివాళ్లకు చెప్పాను. పాత గుర్తేదో మిగిలిపోయి ఉంటుందన్నారు. మిగిలిపోతే పాత టైము ఉండాలి. తీసేసిన లాగిన్ పేరు మళ్లీ ఎలా వచ్చింది? వేల రిపోర్టుల్లో అదొక్కటే ఎందుకు?

పని అయ్యాక ఒక ఫారం నింపి ఇవ్వాలి. అందులో 'సమస్యకు కారణం' అని ఒక గడి ఉంటుంది. ఆ రోజు పెన్ను తీసి, ఏమీ తోచనప్పుడు అందరూ రాసే మాటే, 'ఫైలు పర్మిషన్ లోపం, సరిచేశాం' అని రాశాను. కింద నాగరత్నమ్మ సంతకం కావాలి. ఆమె నేను రాసింది చదివి, ఒకసారి నా మొహం చూసి, సంతకం పెట్టింది.