కుమార్ సాబ్ జమీన్ పంచాయితీ

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో తందూరీ రొట్టెలు కాల్చే కుమార్ సాబ్ అసలు పేరు కియూమర్స్. ఊరు ఇరాన్‌లోని షీరాజ్. ఎన్నిసార్లు చెప్పినా జనం నోట అది కుమారే అయ్యేసరికి, విసిగిపోయి దుకాణం బోర్డు మీద కూడా అట్లాగే రాయించుకున్నాడు. వయసులో ఉండగా రాసిన కవితలు అక్కడి ప్రభుత్వ పెద్దలకు కోపం తెప్పిస్తే, చదువు పేరు చెప్పి హైదరాబాద్ వచ్చేశాడు. అక్కడే నర్సు కోర్సు చదువుతున్న సువర్ణను చూశాడు. ఆమె నిజామాబాద్ మెథడిస్టు క్రైస్తవుల ఇంటి పిల్ల. పెళ్ళయ్యాక ఆమెకు సొంతూళ్ళోనే ఉద్యోగం దొరికితే వెంట వచ్చి రొట్టెల భట్టీ పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం బేరాలు తగ్గాక కొత్త కవితను పైకి చదువుకునేవాడు. ఫారసీ ఎవరికీ రాదని ధైర్యం. కవిత్వం తెలిసినవాళ్ళకే తెలుస్తుందని ఆయన నమ్మకం. రొట్టెలు కొనేవాళ్ళను ఆ లెక్కలో ఏనాడూ వేసుకోలేదు.

ఒకనాడు హన్మవ్వ వింది. ఆమెది భీమ్‌గల్ దగ్గర పసుపు పండించే ఇల్లు. కంఠేశ్వర్‌లో కూతురి దగ్గర ఉందామని వచ్చి, ఆ రోజు రొట్టెల కోసం నిలబడింది. కవితలో జమీన్, దర్వాజ, దుష్మన్, పరేషాన్ అన్న మాటలు చెవిన పడ్డాయి. అవన్నీ తను రోజూ ఆడే మాటలే. ఆమెకు సంగతంతా అర్థమైపోయింది. రొట్టెలు మరచి, నేరుగా రాజేశ్వర్ ఇంటికి నడిచింది. ఆయన రిటైరైన సర్వేయరు. ఎవరిదో ఒక గెట్టు తగాదాలో తలదూర్చనిదే ఆయనకు అన్నం సయించదు.

“కుమార్ సాబు జమీన్ ఎవడో దుష్మన్ గుంజుకున్నడట. దర్వాజ గూడ మూసిండట. పాపం, ఒక్కడే గోడకు చెప్పుకుంటుండు” అంది.

రాజేశ్వర్ టేపు పట్టుకుని వచ్చి, జమీన్ ఏ ఊళ్ళో ఉందని అడిగాడు. షీరాజ్ అన్నాడు కుమార్ సాబ్. అది ఇందల్వాయి దాటాక వస్తుందా, బోధన్ వైపా అని రాజేశ్వర్ ఆలోచనలో పడ్డాడు. అది కవిత్వమని కుమార్ సాబ్ వచ్చీరాని తెలుగులో మొత్తుకున్నాడు. భయపడి అట్లా అంటున్నాడని హన్మవ్వ తేల్చేసింది. మర్నాడు ఇద్దరూ ఆయన్ను ఆటోలో నడుమ కూర్చోబెట్టుకుని తహసీల్ ఆఫీసుకు తీసుకుపోయారు.

అక్కడి అధికారి ఓపికగలవాడు. సర్వే నంబరు అడిగాడు, లేదన్నారు. పాసుబుక్కూ లేదన్నారు. మరి ఏముందని అడిగితే హన్మవ్వ మోచేత్తో పొడిచి, “గది సదువు కొడుకా” అంది.

చేసేది లేక కుమార్ సాబ్ చదివాడు. అమ్మమ్మ దానిమ్మ తోట గురించి, తనకిక తెరుచుకోని తలుపు గురించి రాసిన కవిత అది. వరుసలో నిలబడ్డవాళ్ళు మాటలు ఆపి విన్నారు. హన్మవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ భూమి తన మండలంలోకి రాదని అధికారి నిజంగానే నొచ్చుకుని, అందరికీ చాయ్ తెప్పించాడు.

తిరిగి వస్తూ కుమార్ సాబ్ ఆలోచించాడు. ఫారసీ వచ్చిన మిత్రులు అంతకుముందే ఫోన్‌లో ఆ కవిత విని ఛందస్సు బాగుందన్నారు. జమీన్ పోయిందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

“అవ్వా, నువ్వే మంచిగ విన్నవ్” అన్నాడు.

“వింటే ఏం ఫాయిదా, జమీన్ రాకపాయె” అని ఆమె దిగులుపడింది.

అప్పటినుంచి ఏ కవితైనా మొదట హన్మవ్వకే వినిపించేవాడు. దానివల్ల ఒకసారి కొంప మునిగినంత పనైంది. ఒక కవితలో దిల్, జవానీ, దీవానా అన్న మాటలు పట్టుకుని, కుమార్ సాబ్ ఎవరినో మరిగాడని ఆమె వెళ్ళి సువర్ణకు చెప్పింది. సువర్ణ మాట్లాడటం మానేసింది. ఆ కవిత నీ మీద రాసిందేనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు.

“నా మీదైతే నాకు సమజయ్యేటట్టు రాయి” అంది ఆమె.

ఆయన నానా తిప్పలు పడి తెలుగులో తన తొలి కవిత రాశాడు:

“సువర్ణా, నువ్వు డ్యూటీకి పోతే
రొట్టె గూడ పొంగుతలేదు.”

సువర్ణ నవ్వి, దాన్ని ఫ్రిజ్‌కు అంటించింది. హన్మవ్వ మాత్రం పెదవి విరిచింది.

“గిదేం కవిత్వం? మొత్తం సమజైతుంది” అంది.